పార్కులో అడవి అంటుకోకుండా ఏం చేయాలి: హైదరాబాద్ వాకర్లకు, కాలనీవాళ్లకు

ఫిబ్రవరి నెలాఖరులో కేబీఆర్ పార్కు గోడ వెంట ఒకసారి నడిచి చూడండి. గోడకు అవతల ఎండిన గడ్డి, ఇవతల ఫుట్‌పాత్ మీద రాలిన ఆకు, ఆ పక్కనే ఎవరో ఊడ్చి పోగేసిన చెత్త. మూడింటి మధ్య పది అడుగుల దూరం కూడా ఉండదు. సిటీలోని అడవికి నిప్పు ఎక్కడి నుంచి వస్తుందో అక్కడే తెలిసిపోతుంది.

నల్లమలలోనో కవ్వాల్‌లోనో అడవి కాలడానికి కారణాలు వేరు. పశువులకు కొత్త గడ్డి మొలవాలని కొందరు, ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద నేల శుభ్రంగా ఉండాలని కొందరు నిప్పు పెడతారు. మన దగ్గర ఆ అవసరాలు ఉన్నవాళ్లు దాదాపు లేరు. ఇక్కడ అంచున ఉన్న చెత్త మంట, సిగరెట్ ముక్క, టపాసు, కరెంటు తీగ, ఇవే అసలు శత్రువులు. అందుకే ఇందులో చెప్పేదంతా ప్రధానంగా గోడకు అటు పది మీటర్లు, ఇటు పది మీటర్ల గురించే. లోపలి అడవిని చూసుకోవడానికి అటవీ శాఖ ఉంది. ఈ అంచు మాత్రం అటు వాళ్లదీ కాదు, ఇటు కార్పొరేషన్‌దీ కాదన్నట్టు మిగిలిపోతోంది. దాన్ని పట్టించుకోగలిగేది రోజూ ఆ దారిన నడిచే మీరే.

కేబీఆర్ పక్కన ఉన్నవాళ్లకే కాదు, చిలుకూరు మృగవని, వనస్థలిపురం హరిణ వనస్థలి, కొత్తగూడ బొటానికల్ గార్డెన్, ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల వచ్చిన అర్బన్ ఫారెస్ట్ పార్కుల దగ్గర ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. కేబీఆర్, మృగవని, హరిణ వనస్థలి మూడూ జాతీయ ఉద్యానవనాలు. పేరుకే పార్కులు, చట్టం దృష్టిలో పెద్ద అడవుల్లోని జాతీయ ఉద్యానవనాలకు ఉన్నంత రక్షణ వీటికీ ఉంది.

ముందు కాలం లెక్క చూసుకోండి

మన చుట్టూ ఉన్నది ఆకు రాల్చే అడవి. చలికాలం చివర్లో టేకు ఆకు రాలడం మొదలవుతుంది. మార్చి వచ్చేసరికి మోదుగ, సీతాఫలం, వేప కూడా రాల్చేసి ఉంటాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అడవికి టెన్షన్ మొదలయ్యేదీ సరిగ్గా అప్పుడే. మృగశిర కార్తె వచ్చి, నేల లోపలిదాకా తడిసే వానలు ఒకటి రెండు పడేదాకా అది తగ్గదు.

చాలామంది రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకే భయపడతారు. హైదరాబాద్‌లో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న. కానీ మంటకు ఎండ ఒక్కటే చాలదు. మండడానికి ఆకు ఉండాలి, తోయడానికి గాలి ఉండాలి. అప్పుడే రాలిన ఆకు నేల మీద వదులుగా పడి, మధ్యలో గాలి ఆడుతూ ఉండే మార్చి, ఏప్రిల్ నెలలు మే కంటే తక్కువేమీ కావు. రోజులో చూస్తే మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం అయిదు వరకు ప్రమాదం ఎక్కువ. గాలిలో తేమ బాగా పడిపోయేది ఆ వేళే. తెల్లవారుజామున అదే ఆకు కాస్త మెత్తబడి ఉంటుంది. అందుకే పొద్దున వాకింగ్‌కు వచ్చేవాళ్లకు పార్కు ఎప్పుడూ ప్రశాంతంగానే కనిపిస్తుంది.

మధ్యలో ఒక అకాల వాన పడితే "హమ్మయ్య" అనుకుని వదిలేయకండి. పలచని ఆకు, గడ్డిపరక చుట్టూ ఉన్న గాలి ఎంత పొడిగా ఉంటే గంట రెండు గంటల్లోనే అంత పొడిగా అయిపోతాయి. వేలంత లావు పుల్ల ఆరడానికి ఒక పూట పడుతుంది. లావు దుంగ ఆరాలంటే వారాలు కావాలి. రాత్రి జల్లు పడినా మర్నాడు మధ్యాహ్నానికి గడ్డి మళ్లీ అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది.

కాబట్టి సంక్రాంతి సెలవుల్లో సర్వే, జనవరి ముగిసేలోగా అర్జీలు, ఫిబ్రవరిలో శుభ్రం చేయడం, అక్కడి నుంచి జూన్ దాకా కాపలా. ఏప్రిల్‌లో మేల్కొని మీటింగ్ పెట్టుకుంటే తీర్మానాలు రాసుకోవడం తప్ప చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

గోడ చుట్టూ తిరిగి రాసుకోండి

ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, ఒకరి చేతిలో ఫోన్ మ్యాప్ ఉండాలి. ఈ కింది చోట్ల ఒక్కో గుర్తు పెట్టుకుంటూ పోండి.

చెత్త రోజూ పడే చోట్లు. కాలిన మచ్చలున్న చోట్లు (నిన్న కాల్చినచోటే రేపూ కాలుస్తారు). ట్రాన్స్‌ఫార్మర్లు, చెట్టు కొమ్మల మధ్య నుంచి పోయే తీగలు. గోడ కూలిన చోట్లు, దూకి లోపలికి వెళ్లే దారులు. అక్కడ సీసాలు, సిగరెట్ పెట్టెలు కనిపిస్తాయి. టీ బండ్లు, ఇస్త్రీ బండ్లు, మిర్చి బజ్జీ పొయ్యిలు. ఫైరింజన్ పట్టే గేట్లు, పట్టని గేట్లు. నీళ్ల ట్యాంకులు, బోర్లు. లోపల నేల ఏ వైపు ఎత్తుగా ఉందో కూడా రాసుకోండి. మంట ఎత్తు వైపు వేగంగా ఎక్కుతుంది. వాలు ప్రతి పది డిగ్రీలు పెరిగేకొద్దీ వేగం దాదాపు రెట్టింపు అవుతుందని లెక్క. కేబీఆర్‌లాంటి రాళ్ల గుట్టల మీది అడవిలో ఇది చిన్న విషయం కాదు. వాలు కింద ఉన్న చెత్తకుప్ప, వాలు పైనున్న చెత్తకుప్ప ఒకే సైజులో ఉన్నా, కిందిదాన్నే ముందు ఎత్తించాలి.

ఆకు ఎంత పొడిగా ఉందో తెలుసుకోవడానికి పరికరాలేం అక్కర్లేదు. నేల మీది ఆకు ఒకటి తీసి గుప్పిట్లో నలపండి. పటపటమని పొడి అయిపోతే నిప్పురవ్వ చాలు. వంగి, మెత్తగా ముడుచుకుంటే ఇంకా తేమ ఉన్నట్టు.

ఒక పొదను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి: లాంటానా కంప. రంగురంగుల చిన్న పూలతో, గరుకు ఆకులతో చూడ్డానికి బాగానే ఉంటుంది. సగం పచ్చిగా ఉన్నప్పుడు కూడా మండుతుంది. నేల మీది గడ్డి మంటను పట్టుకుని చెట్టు కొమ్మల దాకా ఎక్కిస్తుంది. గడ్డి మంట ఒక్కటే అయితే పెద్ద చెట్టు చాలావరకు తట్టుకుంటుంది. కంప చుట్టుకున్న చెట్టు తట్టుకోదు.

గోడ బయట: అసలు పని ఇక్కడే

అన్నిటికంటే ముఖ్యమైంది ఆకు కాల్చడం ఆపించడం. తెల్లవారకముందే రోడ్డు ఊడ్చి, ఆకు గోడ పక్కకు నెట్టి, అగ్గిపుల్ల గీసి వెళ్లిపోవడం మన ఊళ్లో ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి. ఊడ్చే అమ్మను తిట్టి లాభం లేదు. ఆమెకు ఇచ్చిన రోడ్డు పొడవు ఎక్కువ. ఆకు ఎత్తుకెళ్లే బండి రాదు. చెత్త ఆటో ఇళ్ల చెత్తతోనే నిండిపోతుంది. ఆమె ముందున్న దారి కాల్చడం ఒక్కటే. వేరే దారి మీరు చూపించకుండా "కాల్చొద్దు" అంటే మీరు వాకింగ్ ముగించి ఇంటికెళ్లాక కాలుస్తుంది, అంతే.

చేయాల్సిందేమిటంటే, కాలనీ సంఘం డబ్బుతో కొన్ని పెద్ద గోనెసంచులు కొనివ్వండి. ఆకును వాటిలో నింపి గోడకు దూరంగా, రోడ్డుకు అవతలి పక్కన పెట్టమని చెప్పండి. "అమ్మా, ఇక్కడ కాల్చకండి, సంచుల్లో నింపి పెట్టండి చాలు, ఎత్తించే పూచీ మాది" అంటే పని సగం అయినట్టే. ఎత్తించే పూచీ నిజంగా తీసుకోవాలి మరి. కాలనీ పార్కులో ఒక మూల ఇనుప వలతో నడుమెత్తు గూడు కట్టించి అందులో ఆకు నింపండి. మధ్యమధ్యలో పేడనీళ్లో, పాత ఎరువో చల్లి తడిపి తొక్కండి. తడి ఆరకుండా చూసుకుంటే కొన్ని నెలల్లో ఆకు ఎరువు తయారవుతుంది. తడపడం మరిచిపోతే మాత్రం అది ఎరువు గుంట కాదు, పెద్ద సైజు చితుకుల మోపు. కాబట్టి దాన్ని పార్కు గోడకు ఆనించి ఎప్పుడూ కట్టకండి.

చెప్పినా వినని బడా బాబుల విషయంలో (అపార్ట్‌మెంట్ తోటల్లో కత్తిరించిన కొమ్మలన్నీ తెచ్చి గోడ పక్కన పడేసేవాళ్లు వీళ్లే) చట్టం వాడొచ్చు. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లోనే ఆదేశించింది. ఫొటో తీసేటప్పుడు చోటు, తేదీ, టైమ్ పడేలా తీసి కార్పొరేషన్‌కు పంపండి. వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకుంటే గ్రూపులో పది నమస్కారాలు వస్తాయి తప్ప చెత్త కదలదు.

తర్వాత పండగలు. మా అభిప్రాయం అడిగితే దీపావళి కంటే హోలీ ముందు రాత్రి జాగ్రత్త ఎక్కువ కావాలి. దీపావళికి గడ్డిలో ఇంకా కాస్త పచ్చి ఉంటుంది. కాముని దహనం వచ్చేది ఫాల్గుణంలో, సరిగ్గా ఆకంతా రాలిపోయి ఉన్నప్పుడు. గోడ పక్కన ఖాళీ జాగా ఉంది కదా అని అక్కడే పేర్చేస్తారు. పిల్లలతో, పెద్దలతో ముందే మాట్లాడి ఆ మంటను పార్కుకు బాగా దూరంగా ఉన్న మట్టి మైదానంలోకి మార్పించండి. రెండు డ్రమ్ముల నీళ్లు పక్కన పెట్టించండి. పండగ ఆపమని అడిగితే గొడవవుతుంది. చోటు మార్చమంటే సాధారణంగా ఒప్పుకుంటారు. పొద్దున్నే వెళ్లి బూడిద మీద నీళ్లు పోసి కలియబెట్టే డ్యూటీ ఒకరికి అప్పగించండి, అది మాత్రం మరిచిపోవద్దు.

పెళ్లిళ్ల సీజన్ కూడా ఎండాకాలంలోనే వస్తుంది. బరాత్ పార్కు రోడ్డు మీదుగా పోతుంటే పైకి లేచే టపాసులు గోడ దాటడం ఎంతసేపు? ఐపీఎల్‌లో మనవాళ్లు గెలిచిన రాత్రీ ఇదే కథ. దగ్గర్లో ఫంక్షన్ హాల్ ఉంటే దాని మేనేజర్‌ను ముందే కలిసి, పార్కు వైపు టపాసులు కాల్చకూడదని బుకింగ్ కాగితంలోనే రాయించమని అడగండి. గాలిలోకి వదిలే కాగితపు దీపాల సంగతి చెప్పనే అక్కర్లేదు. అవి ఎక్కడ దిగుతాయో వదిలినవాళ్లకే తెలియదు.

కరెంటు తీగల పని తేలిక, కానీ ఎవరూ అడగరు. గాలికి తీగలు ఒకదానికొకటి తగిలి రవ్వలు రాలుతున్నా, కొమ్మ తీగ మీద వాలి ఉన్నా, 1912కు ఫోన్ చేసి స్తంభం నంబర్ చెప్పండి. ఫిర్యాదు నంబర్ రాసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ కింద గడ్డి, ఆకు లేకుండా మట్టి కనిపించాలి. ఆ శుభ్రం కరెంటు సిబ్బందితోనే చేయించండి, మీరు కంచె లోపలికి చేతులు పెట్టొద్దు.

టీ బండి అన్నకు ఇసుక పోసిన ఒక డబ్బా ఇచ్చి చూడండి. సిగరెట్లు ఎక్కువగా కాల్చేది అక్కడ నిలబడే కదా. డబ్బా ఉంటే చాలా ముక్కలు అందులోనే పడతాయి. బొగ్గుల ఇస్త్రీ చేసేవాళ్లనూ బూడిద గోడ పక్కన పారబోయకుండా నీళ్లు పోసి ఆర్పమని అడగండి. బయటికి తెల్లగా చల్లారినట్టు కనిపించే బొగ్గు లోపల గంటల తరబడి రాజుకుంటూనే ఉంటుంది.

గోడ లోపల: అడగండి, మీరే చేసేయకండి

లోపలి పని అటవీ శాఖది. అనుమతి లేకుండా ఆకు ఎత్తడం, కంప నరకడం, ముందు జాగ్రత్త పేరుతో గడ్డి కాల్చడం నేరం కూడా. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 30 అభయారణ్యంలో నిప్పు పెట్టడాన్ని, ప్రమాదం కలిగేలా నిప్పు రాజేయడాన్ని, రాజుకున్న నిప్పును వదిలి వెళ్లడాన్ని నిషేధిస్తుంది. సెక్షన్ 35 ఆ నిబంధనను జాతీయ ఉద్యానవనాలకూ వర్తింపజేస్తుంది. మంచి ఉద్దేశంతో పెట్టామంటే చట్టం ఊరుకోదు.

వాకర్స్ అసోసియేషన్ తరఫున, పార్కు బాధ్యత చూసే అటవీ శాఖ రేంజ్ ఆఫీసర్‌ను జనవరిలోనే కలవండి. అడగాల్సిన మొదటి ప్రశ్న ఫైర్ లైన్ల గురించి. గడ్డి, ఆకు తీసేసి మట్టి కనిపించేలా ఉంచే ఖాళీ పట్టీని ఫైర్ లైన్ అంటారు. మంట అక్కడిదాకా వచ్చి తినడానికేమీ లేక ఆగుతుంది. గోడ లోపలి అంచు వెంట ఫైర్ లైన్ ఉందా, ఈ ఏడాది ఎప్పుడు శుభ్రం చేస్తారు, ఎన్నిసార్లు? ఒకసారి చేసి వదిలేస్తే సరిపోదు. ఫిబ్రవరి మొదట్లో ఊడ్చిన లైన్ మీద మార్చికల్లా మళ్లీ ఆకు పడి ఉంటుంది.

మీరు నడిచే ట్రాకే మంచి ఫైర్ లైన్ అని చాలామంది గమనించరు. మోకాలెత్తు గడ్డి మంటను ఆకు లేని ట్రాక్ చాలాసార్లు ఆపేస్తుంది. ఆకు నిండిన ట్రాక్ దాన్ని అవతలికి దాటిస్తుంది. మన రాష్ట్రంలోని టైగర్ రిజర్వుల్లో ఇప్పుడు ఆకు ఊదే బ్లోయర్లు వాడుతున్నారు. పార్కుకు ఒకటి రెండు కొనివ్వడం వాకర్స్ అసోసియేషన్‌కు మోయలేని ఖర్చేం కాదు. సన్మానాల శాలువాల డబ్బుతో వచ్చేస్తాయి. ఊదిన ఆకును ట్రాక్ అంచున కట్టలా పోయకుండా, లోపలికి పలచగా చెదరగొట్టాలని మాత్రం చెప్పండి. అంచున గట్టులా మిగిల్చితే మంట సరిగ్గా అక్కడే ఎత్తుగా లేస్తుంది.

రెండోది లాంటానా. పైపైన నరికితే వాన పడగానే రెట్టింపు చిగురుస్తుంది. నేల కింద రెండు మూడంగుళాల లోతున వేరు మొదలు నరికి, మొక్కను తలకిందులుగా తిప్పి ఎండబెట్టాలి. ఎండిన కంపను అక్కడే కుప్పలుగా వదిలితే నిప్పుకు మనమే విందు పెట్టినట్టు. బయటికి తరలించే ఏర్పాటు ఉన్నాకే నరకాలి. గోడ అంచు నుంచి పది మీటర్ల వరకు, ట్రాక్ పక్కల ముందు తీయమని అడగండి. అడవంతా ఒకే ఏడాది తీయాలని పట్టుబట్టొద్దు.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. కొందరికి అడవి కూడా డ్రాయింగ్ రూమ్‌లా ఊడ్చి ఉండాలని ఉంటుంది. రాలిన ఆకే ఆ నేలకు ఎరువు, తేమను కాపాడే కప్పు. హరిణ వనస్థలిలో కృష్ణజింకలు బతికేదే గడ్డి మీద. కౌజు పిట్టలు, తీతువులు, నెమళ్లు నేల మీదే గుడ్లు పెడతాయి. శుభ్రం చేయాల్సింది పట్టీలను, అంచులను మాత్రమే. వాటి మధ్యలో ఉన్న అడవిని అడవిలాగే ఉండనివ్వాలి.

లోపలికి వెళ్లేవాళ్లు

ఈ భాగం చిన్నదే. అగ్గిపెట్టె, లైటర్, సిగరెట్ గేటు దగ్గరే వదిలేయాలి. "ఇక్కడ ఎవరూ చూడట్లేదు" అనుకుని ఒక దమ్ము లాగడం కుదరదు. చెట్టు కింద దీపం, కర్పూరం, అగరుబత్తి పెట్టకండి. భక్తి ఉంటే పసుపు కుంకుమలతో సరిపెట్టుకోండి, ఏ దేవుడూ తప్పు పట్టడు. కార్తీక వనభోజనాలకు వెళ్తే వండుకుని తీసుకెళ్లండి. ఎండాకాలంలో వేడి సైలెన్సర్ ఎండుగడ్డిని తాకేలా బండి పార్క్ చేయకండి. ఇంతే.

పొగ కనిపిస్తే

ముందు ఫోన్, తర్వాత వీడియో. ఈ వరుస తారుమారు కాకుండా చూసుకుంటే చాలు.

101 ఫైర్ స్టేషన్‌కు, 112 అన్ని అత్యవసరాలకు. వీటితోపాటు పార్కు గేటు దగ్గర సెక్యూరిటీకి, ఆ బీట్ అటవీ సిబ్బందికి చెప్పాలి. వాళ్ల నంబర్లు జనవరిలోనే తీసుకుని గ్రూపులో పైన పిన్ చేసి ఉంచండి. ఫోన్‌లో చెప్పాల్సినవి: పార్కు పేరు, దగ్గరి గేటు, బయటి గుర్తు. "జూబ్లీహిల్స్ వైపు పొగ వస్తోంది" అంటే ఎవరికీ అర్థం కాదు. మెట్రో పిల్లర్ నంబర్ కానీ, కరెంటు స్తంభం నంబర్ కానీ చెప్పండి, ఫోన్ లొకేషన్ పంపండి. మంట మోకాలెత్తా, మనిషెత్తా? గాలి ఎటు వీస్తోంది? తీగలు పైన ఉన్నాయా? లోపల మనుషులు ఉన్నారా? ఇవి చెప్పి, వాళ్లు పెట్టేయమనేదాకా లైన్‌లోనే ఉండండి.

పొగ రంగు కూడా కొంత చెబుతుంది. తెల్లగా, బూడిద రంగులో ఉంటే గడ్డి, ఆకు. నల్లగా కమ్ముకుంటే ప్లాస్టిక్, టైర్లు. అంటే మొదలైంది చెత్తకుప్పలో కావొచ్చు.

ఫోన్ చేశాక చేయాల్సిన గొప్ప పని ఒకటుంది: గేటు ముందు నిలిపిన కార్లు తీయించడం. వాకర్ల కార్లే ఫైరింజన్‌కు అడ్డం పడతాయని చెబితే కోపం వస్తుంది కానీ ఏ ఆదివారమైనా పొద్దున గేటు దగ్గర నిలబడి చూడండి. ఒకరు గేటు తాళం తీయించాలి. ఒకరు మలుపు దగ్గర నిలబడి దారి చూపాలి. ఒకరు ట్రాక్ మీద ఉన్న పెద్దవాళ్లను, పిల్లలను గాలికి ఎదురు దిశలో, అంటే పొగ పోయే వైపుకు కాకుండా, బయటికి పంపాలి. పెద్ద బండి అడవి లోపలికి పోలేదు, గొట్టాలు లాక్కుంటూ వెళ్లాలి. బండిలో నీళ్లు కూడా నిమిషాల్లోనే అయిపోతాయి. అందుకే సర్వేలో నీళ్ల ట్యాంకులు రాసుకోమన్నది. ఎక్కడ మళ్లీ నింపుకోవచ్చో మీరు వెంటనే చెప్పగలిగితే వెతుక్కునే టైమ్ మిగులుతుంది.

శాటిలైట్ చూసుకుంటుంది కదా అని కొందరంటారు. భారత అటవీ సర్వే సంస్థ శాటిలైట్ల సాయంతో అడవి మంటలను గుర్తించి ఎస్సెమ్మెస్‌లు పంపుతుంది, పేరు నమోదు చేసుకుంటే మామూలు పౌరులకూ వస్తాయి. నమోదు చేసుకోండి, మంచిదే. అయితే అందులో వాడే విర్స్ సెన్సార్‌కు (శాటిలైట్ మీద ఉండి నేల మీది వేడిని పట్టే పరికరం) ఒక్కో చుక్క 375 మీటర్ల చదరం. అది మన మీదుగా వెళ్లేది రోజుకు కొన్నిసార్లే. నల్లమలకు అది సరిపోతుంది. గోడ పక్కన ఒక గుంట జాగాలో మొదలైన మంటను ముందు పట్టేది నడిచేవాళ్ల ముక్కే.

చిన్న మంట దగ్గర మీరే ఉంటే

మంట మోకాలి కంటే తక్కువ ఎత్తులో ఉండి, మీరు కనీసం ఇద్దరుండి, వెనక్కి వెళ్లే దారి స్పష్టంగా కనిపిస్తుంటేనే ఆర్పడానికి ప్రయత్నించండి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా బయటికి వచ్చేయండి. ఫోన్ అప్పటికే చేసి ఉండాలి.

వాకర్లు వేసుకునే ట్రాక్ ప్యాంట్లు, టీషర్టులు చాలావరకు పాలిస్టర్. వేడికి కరిగి ఒంటికి అంటుకుంటాయి. అలాంటి బట్టల్లో ఉంటే మంట దగ్గరికి వెళ్లొద్దు, దారి చూపే పని తీసుకోండి. నూలు బట్టలు, బూట్లు ఉన్నవాళ్లు వెళ్లొచ్చు.

నిలబడాల్సింది కాలిపోయిన వైపు. అక్కడ మళ్లీ మండడానికి ఏమీ ఉండదు కాబట్టి కాలు పెట్టడానికి అదే సురక్షితం. మంటకు ఎదురుగా, గాలి మంటను తోసుకెళ్లే వైపు, లేదా వాలు మీద మంటకు పైన ఎప్పుడూ నిలబడకండి. వెనక నుంచి మొదలుపెట్టి రెండు పక్కల వెంట ముందుకు ఆర్పుకుంటూ పోవాలి. తడిపిన గోనెసంచి కానీ, వేప, కానుగ పచ్చి రెమ్మల కట్ట కానీ తీసుకుని మంట మీద అదిమి పట్టుకోండి. చాలామంది కొట్టి పైకి ఎగరేస్తారు, దాంతో రవ్వలు కొత్త చోట పడతాయి. పొలాల్లో మందు కొట్టే వీపు స్ప్రేయర్ ఒకటి, పురుగుమందు ఎప్పుడూ పోయనిది, నీళ్లతో నింపి సెక్యూరిటీ గదిలో ఉంచితే గడ్డి మంటకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. దానితోపాటు రెండు పారలు, రెండు దంతెలు. కరెంటు తీగ తెగి పడి ఉంటే నీళ్లు చల్లకండి, దగ్గరికే పోకండి.

లాంటానా పొదలోకి మంట చేరిందంటే మీ పని అయిపోయింది, వెనక్కి రండి.

ఎవరికైనా కాలితే, కాలినచోట కుళాయి నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పోయండి. ఐస్ వద్దు. టూత్‌పేస్ట్, ఇంకు, పసుపు వద్దు. ఉంగరం, వాచీ వాపు రాకముందే తీసేయండి. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి 108కి ఫోన్ చేయండి. బట్టలు అంటుకుంటే పరుగెత్తకూడదు. అక్కడే నేల మీద పడుకుని దొర్లాలి.

ఆరిపోయాక

ఆరింది అనుకున్న మంట మర్నాడు మధ్యాహ్నం గాలికి మళ్లీ లేవడం మామూలే. చెట్టు మొదళ్లు, ఎండిన వేర్లు, పేడకుప్పలు లోపల్లోపల కాలుతుంటాయి. అరచేతి వెనకభాగం దగ్గరగా పెట్టి వేడి చూడండి, ముట్టుకోవద్దు. వేడి తగిలితే తవ్వి, నీళ్లు పోసి, కలియబెట్టి మళ్లీ పోయాలి. మట్టి కప్పి వదిలేస్తే నిప్పు కింద దాక్కుంటుంది. కనీసం ఒక రాత్రి, మర్నాడు సాయంత్రం దాకా ఎవరో ఒకరు చూస్తూ ఉండాలని అటవీ సిబ్బందిని అడగండి. వాళ్లకు మనుషులు తక్కువగా ఉంటారు, టీ, మంచినీళ్లు మీరు చూసుకోవచ్చు.

ఆ రెండు రోజులు పాములు, ఉడుములు రోడ్డు మీదికీ, ఇళ్ల కాంపౌండుల్లోకీ రావొచ్చు. కర్ర తీయకండి, అటవీ శాఖకు ఫోన్ చేయండి. కాలిన జంతువు కనిపిస్తే నోట్లో నీళ్లు పోయడానికి ప్రయత్నించొద్దు. జనాన్ని దూరంగా ఉంచి సిబ్బంది వచ్చేదాకా నీడ పడేలా చూడండి, చాలు.

మొదలైన చోటును కాళ్లతో తొక్కేయకముందే ఫొటోలు తీయండి. చెత్తా, తీగా, సీసాలా, టపాసు గొట్టమా? మీ జనవరి మ్యాప్‌లో ఆ చోట గుర్తు ముందే ఉంటే, మీరు ఇచ్చిన అర్జీ కాపీ జతచేసి కార్పొరేషన్ కమిషనర్‌కూ, డీఎఫ్ఓ(జిల్లా అటవీ అధికారి)కూ మళ్లీ రాయండి. రెండో అర్జీకి బరువు ఎక్కువ.

కాలిన నేల చూసి మొక్కలు నాటే కార్యక్రమం పెట్టాలని ఎవరో ఒకరు అంటారు. వద్దనండి. మోదుగ, తునికి లాంటివి వేరు నుంచే మళ్లీ చిగురు పెడతాయి. ఏప్రిల్‌లో నాటిన నర్సరీ మొక్క ఎండిపోతుంది, గుంతలు తవ్వడంలో ఉన్న వేర్లూ తెగుతాయి. అదే నేలలో వానలు పడ్డాక అందరికంటే ముందు లేచేది లాంటానా. మీ వాలంటీర్లను జూలై దాకా ఆపి, రేంజ్ ఆఫీసర్ అనుమతితో, నేల మెత్తగా ఉన్న రోజు చూసి తీసుకెళ్లండి. జానెడు ఎత్తున్న లాంటానా మొక్క అప్పుడు చేత్తో లాగితే వేరుతో సహా వస్తుంది. చేతికి గ్లోవ్స్ వేసుకోండి, చిన్న ముళ్లుంటాయి. పీకినవన్నీ లెక్కపెట్టి గేటు దాకా మోసుకొచ్చి బండికి ఎక్కించేదాకా పని అయినట్టు కాదు.